క్లాసులో చదవని పేజీ

శుక్రవారం సాయంత్రం లైబ్రరీ బల్ల మీద లాస్య మరిచిపోయి వెళ్ళిన నోటుబుక్కును, చుట్టూ ఒకసారి చూసి, సత్యవేణి తన బ్యాగులో వేసుకుంది. శనివారం లాస్య దాని కోసం కాలేజీ అంతా వెతికింది. వాచ్‌మన్‌ని అడిగింది, లైబ్రేరియన్‌ని అడిగింది. సత్యవేణి కూడా ఆమె వెంటే తిరిగింది. బెంచీల కిందకి వంగి మరీ వెతికింది.

ఆ నోటుబుక్కు గురించి కొత్తగా మన కథలోకి వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. సికింద్రాబాదులోని ఆ కాలేజీలో తెలుగు చెప్పే దేవకృప మేడమ్ డిగ్రీ పిల్లలకు ఒక అలవాటు చేశారు. పాఠ్యపుస్తకాలు కాక బయట ఏది చదివినా, పుస్తకమైనా పత్రికలో వ్యాసమైనా, దాని మీద తమకు తోచింది ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. శనివారం చివరి పీరియడ్‌లో ఇద్దరో ముగ్గురో లేచి చదవాలి. ఊరంతా జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట బస్సులెక్కుతున్న ఆ రోజుల్లో ఈ పీరియడ్‌ని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు తక్కువ. ఆ తక్కువలో సత్యవేణి మొదటిది. రెండేళ్ళపాటు ఆ శనివారాలు ఆమెవే.

మూడో ఏడు జూలైలో, అంతవరకూ వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న లాస్య లేచి నిలబడింది. లాస్య వాళ్ళకు రెజిమెంటల్ బజార్‌లో పాత పేపర్ల దుకాణం. తండ్రి పర్వతాలు తూకానికి కొన్న పత్రికల్ని తల్లి విమలమ్మ చింపి, మైదా జిగురు పెట్టి కవర్లు చేస్తుంది. ఆ చింపడానికీ అతికించడానికీ మధ్య దొరికిన కాగితమే లాస్య చదువు. ఆ రోజు ఊళ్ళోని మంచినీళ్ళ గురించిన వ్యాసం మీద రాసింది చదివింది. "దీని చివరి పేజీ మా దుకాణానికి రాలేదు. అందుకని రచయిత ఏం తేల్చారో నాకు తెలియదు. నాకు తోచింది ఇది," అని మొదలుపెట్టింది. సత్యవేణి చదువుతుంటే కునికే క్లాసు ఆ పూట నిటారుగా కూర్చుంది. దేవకృప మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి విన్నారు.

రెండేళ్ళలో సత్యవేణి చదువుతుండగా ఆవిడ ఒక్కసారి కూడా కళ్ళజోడు తీయలేదు.

ఆ రోజు నుంచి సత్యవేణికి నిద్ర సరిగా పట్టలేదంటే అతిశయోక్తి కాదు. పైకి ఇద్దరూ స్నేహితులే. ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు, ఒకే సమోసా పంచుకునేవారు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే పిలుపు వచ్చింది. బేగంపేటలో కొత్తగా తెరిచిన ఒక కంపెనీ ఇంటర్నెట్‌లో తెలుగు పత్రిక పెడుతోంది. చదువుకుంటూనే వారం వారం రాయగల విద్యార్థి ఒకరు కావాలని అడిగితే, మేడమ్ ఈ ఇద్దరి పేర్లూ ఇచ్చారు. సోమవారం పదింటికి నోటుబుక్కులతో రమ్మన్నారు. నోటుబుక్కు లేకపోతే రావాల్సిన పని లేదు.

ఇక ఆదివారం సంగతి.

పొద్దున పదకొండయింది. కాప్రాలో వాళ్ళ అద్దె ఇంట్లో సత్యవేణి గది తలుపు దగ్గరగా వేసుకుంది. బొబ్బిలి నుంచి పన్నెండేళ్ళ కిందట బదిలీ మీద వచ్చిన తండ్రి వరహాలబాబు ఆఫీసు స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళాడు. తల్లి గవరమ్మ వంటింట్లో ఉంది.

రెండు రోజులుగా సత్యవేణి ఆ నోటుబుక్కు తెరవలేదు. తెరవనంతవరకూ అది దొంగతనం కాదన్నట్టు తనకి తాను చెప్పుకుంది. సోమవారం మధ్యాహ్నం, అంతా అయిపోయాక, 'నా పుస్తకాల్లో కలిసిపోయిందే' అని ఇచ్చేస్తే సరిపోతుందనుకుంది. కానీ ఆదివారం పొద్దున ఉండబట్టలేకపోయింది.

తెరిచాక ఆపలేకపోయింది. అట్టలు లేని అనువాద నవల మీద నాలుగు పేజీలు. రేడియో రిపేరు నేర్పే పుస్తకం మీద ఒక పేజీ. పత్రికలో ఆడవాళ్ళ ప్రశ్నలకి డాక్టరు ఇచ్చే జవాబుల మీద రెండు పేజీలు: 'ప్రశ్న ఉన్న ముక్క దొరికింది, జవాబు ఉన్న ముక్క అమ్మ అతికించేసింది. ఆ ప్రశ్న అడిగినామె ఇప్పుడెట్లా ఉందో!' అని. అక్షరాలు వంకర. కొట్టివేతలు బోలెడు. ఒక్క వాక్యం కూడా ఎక్కడో విన్నట్టు లేదు.

సత్యవేణి నోటుబుక్కులో కొట్టివేతలుండవు. నీలం సిరాతో శీర్షిక, ఎర్ర సిరాతో రచయిత పేరు, కింద కథాసారాంశం, ఆ కింద 'ఈ పుస్తకం అందరూ చదవదగినది'. అలాంటివి మూడు వందల పైచిలుకు.

నోటుబుక్కు చివరికొచ్చేసరికి ఒక పేజీలో తన పేరు కనిపించింది.

'కాలేజీ మ్యాగజైనులో సత్య రాసిన వ్యాసం చదివాను. అందరూ మెచ్చుకున్నారు. నాకూ నచ్చింది. తన సొంత అనుభవమని రాసింది. పదో తరగతి సెలవుల్లో ఒక పిల్ల విజయనగరం స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని నవల చదువుతుంటుంది. రైలు ఎదురుగా వచ్చి ఆగుతుంది, వెళ్ళిపోతుంది. ఆ పిల్ల తలెత్తదు. సాయంత్రం వెలుతురు తగ్గి అక్షరాలు కనిపించనప్పుడు గానీ రైలు తప్పిందని తెలియదు. వారం తర్వాత మా దుకాణంలో ఇరవై ఆరేళ్ళ కిందటి మాసపత్రిక ఒకటి దొరికింది. అందులో అదే పిల్ల, అదే బెంచీ, అదే రైలు. స్టేషను పేరు వేరు. అక్కడ పిల్ల వడలు తింటుంది, సత్య వ్యాసంలో ఇడ్లీలు తింటుంది. సత్యకు ఎప్పుడూ రైలు తప్పలేదు. నాకు కోపం రాలేదు. ఒక్కసారైనా అట్లా ఒళ్ళు మరిచి చదవాలని ఎంత ఆశ ఉంటే, ఇంకొకరికి తప్పిన రైలును తనదని రాసుకుంటుంది! జాలేసింది.'

సత్యవేణి ఆ పేజీ రెండోసారి చదివింది. ఆ వ్యాసాన్ని తండ్రి ఇరవై జిరాక్సులు తీయించి ఆఫీసులో పంచాడు. బొబ్బిలిలో పెదనాన్నకి పోస్టులో పంపాడు. లైబ్రరీలో ఎవరూ చదవని పాత పత్రికల బైండు పుస్తకంలోది, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. తెలిసింది. పేజీ మీది తేదీ ప్రకారం మూడు వారాలుగా తెలుసు. తెలిసి, లాస్య రోజూ పక్కన కూర్చుని, సమోసాలో సగం తుంచి ఇచ్చింది.

పట్టుబడ్డానన్న భయం కంటే ఆ చివరి మాటే ఎక్కువ కోసింది. జాలి! పైగా ఆ పేజీ తనకి నచ్చింది. తన గురించి తాను ఎన్నడూ చెప్పుకోలేని మాట ఇంకొకతె నాలుగు వాక్యాల్లో రాసేసింది.

"సత్యా! ఒలే సత్యా! లాస్య ఒచ్చిందే," అని హాల్లోంచి గవరమ్మ కేక.

నోటుబుక్కు దిండు కిందకి వెళ్ళింది.

"ఏటమ్మా, ఇంత ఎండలో ఒచ్చీసేవు? కూకో, మజ్జిగ తెస్తాను. మొహం అలగ పీక్కుపోయిందేటి, ఒంట్లో బాగోలేదేటి?" అని గవరమ్మ లాస్య గడ్డం పట్టుకుని చూస్తోంది. కూతురి స్నేహితురాళ్ళలో గవరమ్మకి ఈ పిల్లంటే ప్రత్యేకమైన ఇష్టం. అది కూడా సత్యవేణికి గుచ్చుకునే విషయమే.

"ఏం లేదాంటీ, బస్సుల నిలబడి వచ్చిన," అంది లాస్య.

గదిలోకి వచ్చి మంచం మీద, సరిగ్గా దిండు పక్కన కూర్చుంది. చేతిసంచిలోంచి కొత్త రెండు వందల పేజీల నోటుబుక్కు తీసింది.

"దొరకలే సత్యా. ఇగ దొరకది. నిన్న రాత్రి దాంక ఏడ్చిన. పొద్దుగాల లేచి అనుకున్న, యాదికున్న కాడికి మళ్ళ రాస్తే ఏంది అని. నువ్వు జెర సాయం జెయ్యి. నా పేజీలు నాకంటే నీకే మంచిగ యాదుంటయి. క్లాసుల నేను చదివేటప్పుడు అందరికంటే నువ్వే మనసు పెట్టి వింటవ్."

నిజమే. ప్రతి మాటా సత్యవేణికి గుర్తుంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఈ వాక్యం నాకెందుకు రాలేదు, ఈ మాట నాకెందుకు తట్టలేదు అని ఒక్కొక్కటీ తిరగేసుకునేది. స్నేహంతో విన్నవాళ్ళకి అంతలా గుర్తుండదు.

"సరే, రాయి," అంది.

మొదలుపెట్టారు. మంచినీళ్ళ వ్యాసం మొదటి వాక్యం సత్యవేణే అందించింది. లాస్య రాసుకుంటూ పోయింది. ఒకచోట ఆగితే సత్యవేణి తర్వాతి మాట చెప్పేది. మరోచోట లాస్య తప్పు రాస్తే, "కాదు, 'కుళాయి' అనలేదు నువ్వు, 'నల్లా' అన్నావు," అని దిద్దింది. గంట గడిచింది. ఆరు పేజీలయ్యాయి. వింతేమిటంటే సత్యవేణికి ఆ గంటా హాయిగా ఉంది. ఆ వాక్యాలు తన నోట్లోంచి వస్తున్నాయి. కాసేపు అవి తనవే అయినట్టుంది.

"రేడియో రిపేరు పుస్తకం మీద ఒకటి ఉండె. దాంట్ల ఏం రాసిన?" అని లాస్య పెన్ను పళ్ళ మధ్య పెట్టుకుంది.

సత్యవేణి తడుముకోకుండా చెప్పింది. "'బాగుచేయడం నేర్పే పుస్తకంలో కూడా ఆఖరి పాఠం ఎప్పుడు పారేయాలో చెప్పేదే. మా నాన్న దుకాణం ఆ పాఠం దగ్గర మొదలవుతుంది' అని రాశావు కదా."

లాస్య సగం వాక్యం రాసి ఆగింది. తలెత్తలేదు.

"గది నేను క్లాసుల చదవలే," అంది.

"చదివావు. దసరా సెలవుల ముందు."

"షురూ చేసిన. బెల్లు కొట్టిన్రు. సగంలనే కూసున్న. గా ముక్క నేను ఎవ్వరికీ వినిపియ్యలే సత్యా."

వంటింట్లో కుక్కరు కూసింది. లాస్య కొత్త నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకుంది. గదంతా ఒకసారి చూసింది. టేబులు, టేబుల్ లైటు, వరసగా పేర్చిన పుస్తకాలు, మంచం.

"ఏడుంది?"

సత్యవేణి దిండు ఎత్తింది.

లాస్య నోటుబుక్కు అందుకోలేదు. దాని వైపు చూస్తూ ఉండిపోయింది. "నాతోని బెంచీల కింద వంగి వెతికినవ్ గదనే," అంది చివరికి. "చున్నీకి దుమ్మైతే నేనే దులిపిన."

"ఇచ్చేద్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు? బేగంపేటకు నువ్వొక్కదానివే పోయొచ్చినంకనా?"

తప్పు చేసినవాళ్ళకి మాట దొరకనప్పుడు కోపం దొరుకుతుంది. సత్యవేణికీ అదే దొరికింది.

"నువ్వు మాత్రం? నా గురించి రాసుకుని మూడు వారాలు పక్కనే కూర్చున్నావు. జాలేసిందా? ఎవరడిగారు నీ జాలి? నేను కాపీ కొట్టానని నా మొహాన అనొచ్చు కదా!"

"మెల్లగా. ఆంటీ వింటది."

"విననీ! నీకు తెలీదే లాస్యా. నేను మూడు వందల పుస్తకాలు చదివేను. ఏదీ సగంలో ఒదిలెయ్యలేదు. పుస్తకం మూసేక నా బుర్రలో ఏటీ మిగలదు. సారాంశం మిగుల్తాది, అంతే. నువ్వు చిరిగిన కాగితం ముక్క చదువుతావు, నీకు పేజీలు పేజీలు వొచ్చేస్తాయి. ఎలాగ? ఎక్కడినుంచి వొస్తాయవి?" కోపం వస్తే సత్యవేణి మాటలోకి అమ్మ యాస వచ్చేస్తుంది. "నువ్వు చదువుతుంటే మేడమ్ కళ్ళజోడు తీసేసేవారు. ఆ ఒక్కటీ చాలు, నాకు అన్నం సయించేది కాదు."

లాస్య చున్నీ కొసతో మొహం తుడుచుకుంది.

"జాలి అని రాసిన గదా. అది అబద్ధం," అంది.

సత్యవేణికి అర్థం కాలేదు.

"గా పత్రిక దొరికిన దినం నాకు మస్తు ఖుషీ అయింది. నిజం చెప్తున్న. గంతులేద్దామనిపించింది. మా అమ్మ కవర్లకు చింపేస్తదని బియ్యం డబ్బా ఎనుక దాచిన. ఎప్పుడో ఒక దినం పనికొస్తదని. నీకు రూమున్నది, టేబులున్నది. మీ నాన్న ఆఫీసుకెంచి పుస్తకాలు తెచ్చిస్తడు, నువ్వు ఏం రాసినా అందరికీ చూపిస్తడు. నేను చదువుతుంటే మా అమ్మ చేతిలకెంచి కాగితం గుంజుకుంటది, ఆమె తప్పు లేదు, ఆమె పని అది. ఒక పుస్తకం షురూ నుంచి ఆఖరిదాంక చదువుడంటే ఎట్లుంటదో నాకు ఎరుక లేదు సత్యా. నువ్వు లైబ్రరీల అట్ట వేసిన పుస్తకం తీస్తవు, సంతకం పెడ్తవు, ఇంటికి పట్టుకపోతవు. నిన్ను చూస్తే నాకు కడుపు మండేది."

"మరి జాలని ఎందుకు రాశావు?"

"నెలాఖరుకు మేడమ్ చూస్తరు గదా నోటుబుక్. కుళ్ళుతోని రాస్తే నేను చెడ్డదాన్నైతా. జాలి అంటే మంచిగ కనబడ్త. గా పేజీల అన్నీ నిజాలే, గా ఒక్క మాట తప్ప."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గవరమ్మ తలుపు తోసుకుని వచ్చి, "అన్నం ఒడ్డించేసేను, రండి. వంకాయ కూర చల్లారిపోతాది," అంది. ఇద్దరి మొహాలూ చూసి, "ఏటి, తగువేటి?" అని అడిగింది.

"లేదాంటీ. నోటుబుక్ దొరికింది. గందుకే కండ్లల్ల నీళ్ళు," అంది లాస్య. "నేను పోవాలె. మా అమ్మ ఎదురుచూస్తది."

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే సత్యవేణి గేటుదాకా వెళ్ళింది.

"లాస్యా, ఆ పేజీ..." అంది.

"చింపుమంటవా?"

సత్యవేణి తలూపింది.

"ఇప్పుడు చింపితే నిన్ను మాఫ్ చేసినట్టైతది. నేను ఇంకా మాఫ్ చెయ్యలే," అంది లాస్య. రెండు నోటుబుక్కులూ గుండెలకి హత్తుకుని బస్టాపు వైపు నడిచింది.

సోమవారం పొద్దున వరహాలబాబు బూట్లు వేసుకుంటూ కూతుర్ని హెచ్చరించాడు. "కాలేజీ మ్యాగజైన్ పెట్టుకున్నావా? అదొక్కటీ చూపించమ్మా, చాలు. మిగతావి చూడక్కర్లేదు వాళ్ళు."

"పెట్టుకున్నాను నాన్నా," అంది సత్యవేణి. మ్యాగజైనుని బీరువాలో చీరల కింద దాచేసింది. తన నోటుబుక్కుని మాత్రం పట్టుకుని బయల్దేరింది. తన వంతు నిజాయితీ అంతవరకే అయింది. నోరు తెరిచి చెప్పడానికి ధైర్యం చాల్లేదు, కానీ ఆ రైలుని మళ్ళీ తనదని చూపించుకోకూడదని తేల్చుకుంది.

బేగంపేట ఆఫీసులో ఏసీ చలి. కొత్త కార్పెట్ వాసన ఇంకా పోలేదు. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. లాస్య అప్పటికే వచ్చి సోఫా చివర కూర్చుని ఉంది. సత్యవేణిని చూసి కాళ్ళు దగ్గరికి తీసుకుంది, అంతే. 'ఆ పేజీ చింపావా?' అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగేలోపు లోపలికి పిలిచారు.

దేవానందానికి యాభై ఉంటాయి. ఇరవై ఏళ్ళు పత్రికల్లో పనిచేసి ఈ కంపెనీకి సంపాదకుడిగా వచ్చాడు. మాట మెత్తన. ముందు సత్యవేణి నోటుబుక్కు తీసుకుని ఓపిగ్గా తిప్పాడు.

"చాలా చదివావమ్మా. ఈ వయసులో ఇంత చదివినవాళ్ళని నేను చూడలేదు," అన్నాడు. సత్యవేణి ప్రాణం లేచి వచ్చింది. "కానీ ప్రతి పేజీలో పుస్తకం కనిపిస్తోంది. నువ్వు కనిపించడం లేదు."

ఆ నోటుబుక్కు మూసి, లాస్యది తెరిచాడు. మొదటి పేజీకే కుర్చీలో వెనక్కి వాలాడు. ఒకచోట నవ్వాడు. రేడియో పుస్తకం దగ్గర పైకి చదువుకున్నాడు. ఈ గదిలో కూడా అదే జరుగుతోంది, ఇక ఎక్కడికి వెళ్ళినా ఇదే జరుగుతుంది అనుకుంది సత్యవేణి.

చివరి పేజీలకొచ్చాడు. ఆగాడు. చదివింది మళ్ళీ చదివాడు.

"సత్యకు ఎప్పుడూ రైలు తప్పలేదు," అని గొంతెత్తి చదివాడు.

చింపలేదు. సత్యవేణి లాస్య వైపు చూసింది. లాస్య బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ని చూస్తోంది.

దేవానందం చివరిదాకా చదివి నోటుబుక్కు మీద చెయ్యి వేశాడు. "మా మొదటి సంచికలో ఇదే వేస్తాం. రాత సంగతి అలా ఉంచు. స్నేహితురాలు దొంగిలించి రాసిందని తెలిశాక ఎవరికైనా కోపం వస్తుంది, లేకపోతే సంతోషం వస్తుంది. ఈ పిల్లకి జాలి వేసింది చూడు. నేను వెతుకుతున్న మనసు ఇదే. ఉద్యోగం నీదేనమ్మా లాస్యా." సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకి జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టు. ఒక్క సందేహం. ఈ సత్య నిజం మనిషేనా? నిజమైతే పేరు మార్చకుండా వేద్దాం. అప్పుడే దానికి బలం."

అతని ముందున్న దరఖాస్తులో సత్యవేణి అని పూర్తి పేరు ఉంది. అతను ఇంకా కలిపి చూసుకోలేదు. కాసేపట్లో చూసుకుంటాడు.

ఆ క్షణంలో కూడా సత్యవేణికి భయం కంటే ముందు అసూయే కలిగింది. తన పరువు తీసే ఆ పేజీని తానే రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తండ్రి పంచిన ఇరవై జిరాక్సులు కళ్ళ ముందు తిరిగాయి.

లాస్య పెన్ను అందుకుంది. కాగితం మీద ఆనించింది. రాయలేదు.

"సార్," అంది. "గా పేజీల ఒక మాట అబద్ధం ఉన్నది."

దేవానందం మొహంలో నవ్వు ఆగింది. "ఏ మాట?"

జాలి అన్న మాట అబద్ధమని చెబితే లాస్య ఉద్యోగం ఇక్కడే పోతుంది. సత్య అన్న పేరు అబద్ధమని చెబితే సత్యవేణి బతికిపోతుంది, కానీ ఆ అబద్ధం జీవితాంతం లాస్య గుప్పిట్లో ఉంటుంది. ఈ రెండింట్లో తనకి ఏది కావాలో సత్యవేణికే తెలియలేదు.

లాస్య పెన్ను కింద పెట్టింది. నిన్న గేటు దగ్గర విడిపోయాక మొదటిసారి తల తిప్పి సత్యవేణి కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెప్పాల్నా?" అని అడిగింది. దేవానందాన్ని కాదు.